ఇంకా దిగని క్యాచ్

పొద్దున్నే మైదానంలో అడుగు పెట్టగానే కోచ్ మొదట సున్నం గీతల్ని తిట్టేవాడు. ఆటగాళ్ళ వంతు ఆ తర్వాత వచ్చేది. పెనాల్టీ గీత ఒక మూల వంకర పోయి ఉండేది, అదీ తన జట్టు ప్రాక్టీసు చేసే వైపే. ఎవరో కావాలని చేస్తున్నారని కోచ్ అనుమానం. అనుమానమేమిటి, నిజమే. ఆ గీతలు గీసేది మైదానం చూసుకునే మనిషి, కోచ్‌కి స్వయానా అక్క మొగుడు. కావాలనే గీసేవాడు, ఎవరైనా అడిగితే ఒప్పుకునేవాడు కూడా.

“ఆ మనిషికి కళ్ళు లేవా, అడుగు,” అని కోచ్ గోల్‌కీపర్‌తో అనేవాడు. బావ పది అడుగుల దూరంలోనే ఉండేవాడు.

“ఉన్నాయి. ఆయన మొహం చూడటానికి మాత్రం కాదని చెప్పు,” అని బావ కూడా గోల్‌కీపర్‌తోనే అనేవాడు.

గోల్‌కీపర్ ఇటు చూసి, అటు చూసి, తల గోక్కునేవాడు. జట్టులో చేరినప్పుడు గోల్ కాయడం ఒక్కటే పని అని చెప్పారు పాపం. బావా బావమరుదులు నేరుగా మాట్లాడుకోవడం మానేసి ఏళ్ళూ పూళ్ళూ గడిచాయి. అందుకని ఏ ఏడు ఎవరు గోల్‌కీపరైతే వాళ్ళే ఈ మాటలు మొయ్యాలి. బంతులు వదిలేసినా తిట్లు మాత్రం ఒక్కటీ జారకుండా అందించడం వాళ్ళకి చేతనయ్యేది.

బావ నిలబడే చోటు పెనాల్టీ పెట్టె నడిమధ్య. గోల్‌కి వీపు పెట్టి, మెడ వెనక్కి వాల్చి, ఆకాశంలోకి చూస్తూ ఉండేవాడు. ఆటగాళ్ళు అతని చుట్టూ తిరిగి ఆడుకోవడం నేర్చుకున్నారు. మ్యాచ్ రోజున రిఫరీ అతన్ని గోల్‌పోస్టు కింద జమకట్టేవాడు. బంతి తగిలితే తగిలింది, ఆట ఆగదు. తగిలిన ప్రతిసారీ అది తన జట్టుకే ఎదురు తిరుగుతుందని కోచ్ ఏడుపు. “స్తంభాన్ని కొట్టిన వాడికి ఆ పూట పరుగు మాఫీ” అని ఆటగాళ్ళకి ఆశ కూడా చూపించేవాడు. కుర్రాళ్ళు గురి చూసి కొట్టేవాళ్ళు. బావ తల దించకుండానే ఓ మోకాలు అడ్డం పెట్టి, ఆ బంతిని తిన్నగా కోచ్ పొట్ట మీదికి పంపేవాడు.

బావకి స్తంభం అనీ, కోచ్‌కి నాటౌట్ సారు అనీ పేర్లు పడ్డాయి. రెండు పేర్లకీ కారణం ఒక్కటే. అది వాళ్ళందరి నెత్తిన, ఆకాశంలో వేలాడుతూ ఉంది.

అది కోచ్ కుర్రతనంలో కొట్టిన క్రికెట్ బంతి.

ఆ రోజుల్లో కోచ్ రెండు ఆటల మనిషి. వానలు మొదలైతే ఫుట్‌బాల్, ఎండలు ముదిరితే క్రికెట్. రెండు జట్లూ చెరో చెయ్యీ పట్టుకుని లాగేవి, అతనికేమో ఆ లాగుడు తెగ ముద్దుగా ఉండేది. ఓ ఏడు ఫుట్‌బాల్ పై జట్టుకి ఎంపిక దగ్గర పడింది. ఈ వారం బ్యాటు ముట్టుకున్నావంటే కాళ్ళు విరగ్గొడతానని ఫుట్‌బాల్ కెప్టెన్ చెప్పాడు. ఇతను వింటేగా. ఆ ఆదివారం క్రికెట్ కప్పు కోసం ఆడాడు. ఆఖరి వికెట్టు, ఆఖరి బంతి, గెలవడానికి ఇంకా నాలుగు పరుగులు కావాలి. బలమంతా పెట్టి కొట్టాడు. బంతి నిట్టనిలువుగా లేచింది. లేచి, లేచి, కంటికి ఆనకుండా పోయింది.

దాని కిందికి పరుగెత్తుకొచ్చినవాడు అవతలి జట్టులోకెల్లా మంచి ఫీల్డరు. అతని చేతుల్లో పడ్డ బంతి జారిందన్న మాట ఎవరూ ఎప్పుడూ వినలేదు. వచ్చి, కాళ్ళు ఎడంగా పెట్టి, చేతులు చాచాడు. బంతి రాలేదు. ఈలోపు బ్యాట్స్‌మన్లిద్దరూ పరుగులు మొదలుపెట్టారు. నాలుగయ్యాయి, నలభై అయ్యాయి. బోర్డు దగ్గర అంకెల పలకలు అయిపోతే గోడ మీద బొగ్గుతో రాశారు. అవతలి బ్యాట్స్‌మన్ కూలబడితే అతని బదులు మరొకడు పరుగెత్తాడు, వాడూ కూలబడ్డాడు. కోచ్ మాత్రం ఆపలేదు. పొద్దు వాలేదాకా అటూ ఇటూ పరుగెత్తి, చివరికి మోకాలు టక్కుమని పక్కకి తిరిగి, గీత మీదే పడిపోయాడు.

అంపైరు ఆ వీధిలో టైలరు. కొలతల్లోనూ నియమాల్లోనూ ఒక గీటు అటూ ఇటూ పోనివ్వని మనిషి. బంతి ఇంకా గాల్లో ఉంది కాబట్టి ఆట నడుస్తున్నట్టేనని తీర్పు చెప్పాడు. క్యాచ్ పట్టుకుంటే బ్యాట్స్‌మన్ ఔటు, ఆ పరుగులన్నీ రద్దు, మ్యాచ్ పోయినట్టు. పట్టలేకపోతే పరుగులన్నీ చెల్లు, మ్యాచ్ గెలిచినట్టు. అంతవరకూ కప్పు మీద ఎవరి పేరూ చెక్కకూడదు. న్యాయంగానే ఉందనుకుని అందరూ ఇళ్ళకి పోయి భోంచేశారు. కప్పు ఇప్పటికీ క్లబ్బులో అద్దాల బీరువాలో ఉంది.

ఆ మోకాలితో కోచ్‌కి రెండు ఆటలూ ఒక్క రోజే పోయాయి. క్లబ్బు వాళ్ళు జాలిపడి ఫుట్‌బాల్ నేర్పే ఉద్యోగం ఇచ్చారు. ఫీల్డరు గతీ అంతకన్నా బాగోలేదు. మైదానం వదిలి వెళితే క్యాచ్ వదిలేసినట్టే. అతన్ని పెద్ద జట్టులోకి తీసుకుపోవడానికి మనుషులొస్తే, “ఒక్క నిమిషం, ఇది పట్టుకుని వస్తా” అన్నాడు. వాళ్ళు కాసేపు కూర్చుని, లేచి వెళ్ళిపోయారు. అక్కడే ఉండటానికి వీలుగా ఉంటుందని అతను మైదానం చూసుకునే పనిలో చేరి, గేటు పక్క గదిలోనే మకాం పెట్టాడు. నా బతుకు వాడు నాశనం చేశాడని వీడూ, వీడు చేశాడని వాడూ నమ్మారు. బంతిని మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు.

ఇక అక్క సంగతి. ఆ ఆదివారం ఆవిడ తమ్ముడి కోసం చెంబుతో మంచినీళ్ళు పట్టుకొచ్చింది. తమ్ముడేమో పరుగు ఆపడు. మైదానం మొత్తంలో కదలకుండా ఉన్నవాడు ఆ ఫీల్డరొక్కడే. చెంబు వాడి నోటికి అందించింది, ఎందుకంటే వాడి చేతులు ఖాళీ లేవు. మర్నాడూ అందించింది. ఏడాది తిరక్కుండా ఆ మైదానంలోనే, పెళ్ళికొడుకు పైకి చూస్తూ ఉండగానే, పెళ్ళయిపోయింది. తన బంతి పట్టబోయినవాడు తన నీళ్ళూ తాగి, తన అక్కనీ పట్టుకుపోయాడని కోచ్‌కి కడుపు మంట. బంతి విషయమైనా ఒక్కోసారి మర్చిపోయేవాడేమో గానీ ఆ నీళ్ళ విషయం ఎన్నడూ మర్చిపోలేదు.

అప్పటినుంచీ బావా బావమరుదులకి ఉప్పూ నిప్పూ. కోచ్ ఎడమంటే బావ కుడి. కోచ్ వాన పడేలా ఉందంటే బావ గొడుగు తీసి లోపల పెట్టేవాడు. తడిసి ముద్దయినా సరే, ఆ మనిషి మాట విన్నానన్న అపవాదు ఉండకూడదు. కాపురం నడపడానికి ఇంతకన్నా మంచి ఉపాయం లేదని అక్క తొందర్లోనే కనిపెట్టింది. జ్వరమొచ్చి మందు మింగనంటే, “మంచిది, మా తమ్ముడు కూడా మింగొద్దనే అన్నాడు,” అనేది. బావ రెండు మాత్రలు ఒకేసారి వేసుకునేవాడు. మాసిన చొక్కా విడవకపోతే, ఆ చొక్కాలో మీరు బాగున్నారని తమ్ముడు మెచ్చుకున్నాడని చెప్పేది. ఆ చొక్కా ఆ సాయంత్రానికల్లా గుడ్డ పేలికై సున్నం గీతలు గీసే బండిని తుడుస్తూ ఉండేది.

కోచ్‌ని ఆటగాళ్ళెవరూ ఇష్టపడేవాళ్ళు కాదు, అందులో వాళ్ళ తప్పేమీ లేదు. రెండు ఆటలు ఆడేవాడు రెండింటికీ చెడతాడన్నది అతని ఒకే ఒక్క నియమం. జట్టులోకెల్లా వేగంగా పరుగెత్తే కుర్రాడు ఓ రోజు వీధిలో పిల్లలతో సరదాకి బ్యాటు పట్టుకున్నాడని మర్నాడే బూట్లు లాక్కుని గెంటేశాడు. ఆ కుర్రాడు ఎదుటి జట్టులో చేరి వీళ్ళ మీద మూడు గోల్స్ కొట్టాడు. కోచ్ చలించలేదు. చలించడమనేది అతని ఒంట్లో లేదు.

జట్టు ఓడిపోతూనే ఉండేది. అతన్ని తీసెయ్యాలని క్లబ్బు కమిటీ ఏటా సమావేశం పెట్టేది. కార్యదర్శి చాలా మెత్తగా మాట్లాడే మనిషి. ఆయన మెత్తగా మాట్లాడినప్పుడల్లా ఎవరికో ఒకరికి ఉద్యోగం ఊడేది. కోచ్ దగ్గర మాత్రం ఆ మెత్తదనం పనిచెయ్యలేదు, ఎందుకంటే ఏటా టైలరు మెడలో టేపుతో లేచి నిలబడి ఆ ఒక్క మాటే చెప్పేవాడు. ఔట్ కాని బ్యాట్స్‌మన్‌ని మైదానంలోంచి పంపే హక్కు దేవుడికి కూడా లేదు. అలా కోచ్ ఉద్యోగం ఆ బంతికి వేలాడుతూ ఉండేది.

మొదటి ఏళ్ళలో బంతి అసలు కనపడేదే కాదు. తర్వాత ఆవగింజంత అయింది, ఆ తర్వాత మిరియమంత. గాలికి కొంచెం కొంచెం జరుగుతూ ఉండేది, దాంతోపాటే బావా జరిగేవాడు. బౌండరీ దగ్గర మొదలైన మనిషి అలా జరిగి జరిగి పెనాల్టీ పెట్టెలోకి వచ్చాడు. చివరికి ఓ ఏడు వానలు వెనకబట్టేసరికి బంతి నిమ్మకాయంత అయింది. ఓ కాకి రోజూ వచ్చి దాని మీద వాలడం మొదలెట్టింది. వాన వెలిసిన చాలాసేపటికి కూడా దాన్నుంచి చుక్కలు రాలి బావ మొహం మీద పడుతుండేవి. ఈసారి దిగుతుందని అందరికీ అర్థమైంది. కార్యదర్శి కొత్త కోచ్ కోసం నలుగురితో మాట్లాడటం మొదలుపెట్టాడు. టైలరు తన తెల్లకోటుకి గుండీలు కొత్తగా కుట్టించుకున్నాడు, అంటే తనే కుట్టుకున్నాడు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం అక్క కోచ్ గదికి వచ్చింది. గదంటే స్టాండు కింద సామాన్ల కొట్టు. తడి బూట్ల వాసన, నొప్పుల నూనె వాసన. గోడకి పాత బ్యాటు ఆనించి ఉంది. కోచ్ మోకాలికి పట్టీ చుట్టుకుంటున్నాడు. ఆవిడ బంతుల సంచీ మీద కూర్చుంది.

“గీతలు చూశావా?” అంది.

“చూడకేం. ఈ ఏడు మరీ పాము పాకినట్టు గీస్తున్నాడు నీ మొగుడు. వయసొచ్చినా వంకర తగ్గలేదు.”

“ఈ ఏడు కావాలని గీసిన వంకర కాదురా అది. ఆయనకి కనపడటంలేదు.”

కోచ్ చేతిలో పట్టీ చుట్ట జారి గదంతా దొర్లుకుంటూ పోయింది. అక్క వంగి తీసి మళ్ళీ చుట్టసాగింది. చుడుతూనే చెప్పింది. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందన్నాడు డాక్టరు, ఆలస్యం చేస్తే అదీ చెప్పలేనన్నాడు. కానీ చేశాక కొన్నాళ్ళు కట్టు కట్టుకుని మంచం మీద ఉండాలి. ఆ కొన్నాళ్ళలో బంతి దిగితే? అందుకని ఈయన ససేమిరా అంటున్నాడు. నీళ్ళు తాగే చెంబు ఎక్కడుందో తడుముకుంటున్నాడు గానీ ఎవరికీ తెలియనివ్వడం లేదు.

“నువ్వు ఆపరేషన్ వద్దన్నావని కూడా చెప్పి చూశాను. వెంటనే లేచి చొక్కా తొడుక్కున్నాడు. గుమ్మం దాకా వచ్చి, ‘మరి బంతో?’ అన్నాడు. మళ్ళీ వెళ్ళి నిలబడ్డాడు.”

“కనపడనివాడు ఎలా నిలబడుతున్నాడు దాని కింద?”

“కాకి అరుపుని బట్టి.”

కోచ్‌కి నవ్వొచ్చింది. అది మంచి నవ్వు కాదు. ఇన్నేళ్ళు తను భయపడింది కాకి అరుపు విని క్యాచ్ పట్టే గుడ్డివాడికా అనుకున్నాడు. ఆ నవ్వు అక్క చూసింది. చూసి కూడా తను వచ్చిన పని చెప్పింది. బంతి దిగే సమయానికి తను ఎక్కడ ఉంటుందో, ఆడదాని గొంతు అంత జనంలో వినపడుతుందో లేదో. తమ్ముడైతే గీత పక్కనే ఉంటాడు, గొంతు మైదానం దాటి వినపడుతుంది. ఎటు జరగాలో తమ్ముడే చెప్పాలి.

“నన్ను ఔట్ చెయ్యడానికి నేనే దారి చూపించాలా?”

“అవును.”

“అక్కా, నాకు మోకాలు లేదు. ఆట లేదు. పెళ్ళాం పిల్లలు లేరు. ఈ జట్టులో ఒక్కడు కూడా వెనక నన్ను మంచిమాట అనడు. నా దగ్గర మిగిలింది నాటౌట్ అన్న ఆ ఒక్క ముక్క. అది కూడా నీ మొగుడికి ఇచ్చెయ్యమంటావు. ఆ రోజు నీళ్ళిచ్చినట్టు.”

అక్క పట్టీ చుట్టడం ఆపింది. “ఆయన దగ్గర ఆ ఒక్క ముక్క కూడా లేదురా,” అంది. “పట్టుకోలేకపోతే ఆ మనిషి ఇంటికి రాడు. బంతి పడ్డాక కూడా అక్కడే నిలబడి ఉంటాడు. నాకు తెలుసు.”

కోచ్ గోడకి ఆనించిన బ్యాటు వైపు చూశాడు. చివరికి, తప్పుదోవ పట్టించనని మాత్రం మాటిస్తానన్నాడు. “నోరు మూసుకుని ఉంటా. అంతకు మించి నన్నడక్కు.”

“నువ్వు నోరు మూసుకోవడం ఎప్పుడు నేర్చుకున్నావురా,” అని అక్క లేచి వెళ్ళిపోయింది. పట్టీ చుట్ట నీటుగా చుట్టి సంచీ మీద పెట్టి వెళ్ళింది.

మర్నాడు పొద్దున కోచ్ గీతల్ని తిట్టలేదు. ఆ మిగిలిన తిట్లు కూడా ఆటగాళ్ళకే వడ్డించాడు. బావని కొట్టినవాడికి పరుగు మాఫీ అన్న పద్ధతి మాత్రం ఎత్తేశాడు. ఎందుకని గోల్‌కీపర్ అడిగితే, గోల్ కొట్టడం చేతకాని సన్నాసులు మనిషినేం కొడతారని కసిరాడు. అవతల బావకి ఇది నచ్చలేదు. బామ్మర్ది ఏదో కుట్ర పన్నుతున్నాడని ఆ రోజంతా ఇంకాస్త జాగ్రత్తగా నిలబడ్డాడు.

ఆ ఏడు ఆఖరి మ్యాచ్ నాటికి బంతి స్టాండు కప్పుకి కాస్త ఎత్తులో ఉంది. కుట్టు దారం కూడా కనపడుతోంది. జనం ఫుట్‌బాల్ చూడటానికి వచ్చారో దాన్ని చూడటానికి వచ్చారో చెప్పడం కష్టం. టైలరు తెల్లకోటుతో ముందు వరసలో కూర్చున్నాడు. కార్యదర్శి పక్కన కొత్త బూట్లు వేసుకున్న ఓ మనిషి ఉన్నాడు. అతను ఎవరో కోచ్‌కి ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ లేకపోయింది.

రెండో సగంలో కోచ్ జట్టు ఒక గోల్ వెనకబడి ఉంది. కోచ్ గీత పక్కన కుంటుకుంటూ నడుస్తూ అందర్నీ పేరుపేరునా తిడుతున్నాడు. ఉన్నట్టుండి కాకి పెద్దగా అరిచి లేచిపోయింది. మైదానం మీద ఓ చిన్న ఈల లాంటి చప్పుడు మొదలైంది. బంతి దిగుతోంది. ఇన్నేళ్ళ ఆలస్యం ఒక్కసారే తీర్చుకోవాలన్నట్టు దిగుతోంది.

రిఫరీ ఫుట్‌బాల్ ఆపేశాడు. ముందు మొదలైన ఆటది ముందు హక్కు అన్నది అందరికీ తెలిసిందే. ఆటగాళ్ళు పక్కకి జరిగారు. టైలరు పరుగెత్తుకుంటూ వచ్చి నిలబడ్డాడు. పెనాల్టీ పెట్టెలో బావ ఒక్కడే మిగిలాడు. గోల్‌కి వీపు పెట్టి, కాళ్ళు ఎడంగా పెట్టి, చేతులు చాచాడు.

ఎదురుగాలి వీస్తోంది. బంతి బావ నెత్తి మీద లేదు. గోల్ వైపు, అతని వెనక్కి పోతోంది. నాలుగు పెద్ద అడుగులు వెనక్కి వేస్తే తప్ప అందదు. జనం అందరూ చూస్తున్నారు, ఎవరూ నోరెత్తరు. ఎత్తడానికి వాళ్ళకేం పట్టింది? స్టాండు పై మెట్టు మీంచి అక్క గొంతు చించుకుంటోంది గానీ గాలి ఆ గొంతుని అటే పట్టుకుపోతోంది. బావ తెల్లబడ్డ కళ్ళతో ఉత్త ఆకాశాన్ని చూస్తూ, లేని బంతి కోసం అరచేతులు సర్దుకుంటున్నాడు.

కోచ్ నోరు మూసుకుని ఉంటే చాలు. ఒక్కసారి, బతుకులో ఒకే ఒక్కసారి. కప్పు మీద పేరు, చచ్చేదాకా ఉద్యోగం, కార్యదర్శి పక్కనున్న కొత్త బూట్లు వచ్చిన దారినే పోతాయి.

కానీ ఆ చేతులు చూసి అతనికి ఒళ్ళు మండింది. ఎంత మంచి చేతులు అవి. తను ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు గానీ, అంత మంచి చేతులు తన జన్మలో చూడలేదు. అవి ఇప్పుడు తప్పు చోట, ముష్టి కోసం చాచినట్టు చాచి ఉన్నాయి. ఇన్నేళ్ళు తను పగబట్టింది ఇలా చూడటానికా? బావ మీద కోపం, బంతి మీద కోపం, చెంబుతో వచ్చిన అక్క మీద కోపం, అన్నీ కలిసి గొంతులోకి వచ్చాయి. వెనక్కి పొమ్మని చెప్పడానికి నోరు తెరిచాడు. తెరిచి, ఎవరికి చెబుతున్నాడో గుర్తొచ్చి, మైదానం అదిరేలా అరిచాడు.

“ముందుకు! ముందుకు రా బావా! నాలుగడుగులు ముందుకు!”

చాలా ఏళ్ళ తర్వాత బావమరిది తనతో నేరుగా అన్న మొదటి మాట అది. బావ మొహం అసహ్యంతో ముడుచుకుపోయింది. కాండ్రించి ఉమ్మాడు. ఉమ్మి, వెనక్కి ఒకటి, రెండు, మూడు, నాలుగు అంగలు వేశాడు.

బంతి వచ్చి చేతుల్లో పడింది. తడిగుడ్డ బండ మీద కొట్టినట్టు చప్పుడైంది. చేతులు మూసుకున్నాయి.

టైలరు వేలెత్తాడు. ఎత్తిన వేలు దించడం మర్చిపోయి కాసేపు అలాగే ఉండిపోయాడు. ఎవరో గోడ మీది బొగ్గు అంకెల్ని తడిగుడ్డతో తుడిచేశారు. బావ బంతిని చెంపకి ఆనించుకున్నాడు. బావి నీళ్ళంత చల్లగా ఉందన్నాడు. తర్వాత ఆ పెనాల్టీ పెట్టెలోనే, తన చేత్తో గీసిన వంకర గీత పక్కన, చతికిలబడి కూర్చున్నాడు. ఆ మైదానంలో అతను కూర్చోగా ఎవరూ చూసి ఎరగరు.

“చూశారుగా,” అన్నాడు చుట్టూ చేరిన వాళ్ళతో. “ఆఖరి క్షణంలో కూడా మోసం చెయ్యబోయాడు. ముందుకి రమ్మంటాడు. నాకు తెలీదా వాడి సంగతి? నేను వాడి మాట వినే రకమా?”

జనానికి అది అర్థమైంది. అందరూ విన్నారు కదా, ముందుకు అని అరిచింది కోచే కదా. స్టాండు లోంచి చీ అన్నారు, చెత్త విసిరారు. అతని జట్టు కుర్రాళ్ళే మొహాలు తిప్పుకున్నారు. గోల్‌కీపర్ ఇకనుంచి ఆ నోటి మాట మొయ్యనన్నాడు. కార్యదర్శి దగ్గరికి వచ్చి, ఔటైన బ్యాట్స్‌మన్ మైదానంలో ఉండటం బాగుండదేమోనని చాలా మెత్తగా అన్నాడు. కొత్త బూట్ల మనిషి అప్పుడే గీత పక్కకి వచ్చి నిలబడ్డాడు. ఫుట్‌బాల్ మళ్ళీ మొదలైంది. కోచ్ జట్టు ఇంకో గోల్ తింది.

కోచ్ సామాన్ల కొట్టులోకి వెళ్ళి, గోడకి ఆనించిన పాత బ్యాటు చంకలో పెట్టుకుని, కుంటుకుంటూ గేటు వైపు నడిచాడు. ఔటైనవాడు అలాగే నడవాలి, తల దించుకుని, వెనక్కి చూడకుండా. ఆ నడక అతను ముప్పై ఏళ్ళ పైగా బాకీ ఉన్నాడు.

గేటు దగ్గర అక్క నిలబడి ఉంది. చేతిలో నీళ్ళ చెంబు ఉంది. అటు మొగుడు జనం మధ్య కూర్చుని బంతి అందరికీ చూపిస్తున్నాడు. ఆవిడ అటు వెళ్ళలేదు, మెట్లు దిగి తిన్నగా ఇటే వచ్చింది.

“ముందుకు అన్నావేంట్రా?” అంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ గొంతు మామూలుగానే ఉంది.

“నాకూ చూపు మందగించిందేమో.”

“తాగు,” అంది.

కోచ్ చెంబు ఎత్తి తాగాడు. చాలా దాహంగా ఉన్నవాడిలా, గడ్డం మీంచి కారిపోతున్నా ఆపకుండా, సగానికి తాగాడు. మిగిలిన సగం అక్క చేతికిచ్చి, మూతి తుడుచుకుని, మైదానం వైపు తల ఆడించాడు.

“వెళ్ళి ఆ మనిషికి చెప్పు,” అన్నాడు. “కళ్ళ ఆపరేషన్ చేయించుకోవద్దన్నానని చెప్పు. ఈసారి వెళతాడు.”